రెండో హాలు

తెలుగువాళ్లం ‘హాలు’ అనే మాటను రెండు రకాలుగా వాడతాం. వెయ్యి మంది టికెట్టు కొనుక్కుని కూర్చునేదీ హాలే. మన ఇంట్లో టీవీ, సోఫా, దేవుడి క్యాలెండరు ఉండేదీ హాలే. మొదటి హాలు నుంచి రెండో హాలుకు వచ్చిన ఒక గాయకుడి కథ ఈ అధ్యాయం. అతను ఎలా వచ్చాడు, వచ్చాక ఏం చేశాడు, అందుకు ఎంత ఖర్చు పడింది అన్నవి మనకు పనికొచ్చే సంగతులు.

అతని పేరు డేవిడ్ బజాన్. 1976లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో పుట్టాడు. తండ్రి చర్చిలో సంగీతం చూసుకునే పాస్టరు. బజాన్ 1995లో సియాటిల్ ప్రాంతంలో ‘పెడ్రో ద లయన్’ అనే రాక్ బృందం మొదలుపెట్టాడు. పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా, చిన్న చిన్న సంస్థల ద్వారా ఆల్బమ్‌లు విడుదల చేసుకునే ఇలాంటి బృందాల సంగీతాన్ని ఇండీ రాక్ అంటారు. 1998లో ‘ఇట్స్ హార్డ్ టు ఫైండ్ ఎ ఫ్రెండ్’, 2002లో ‘కంట్రోల్’, 2004లో ‘అకిలీజ్ హీల్’ వచ్చాయి. క్లబ్బులు నిండాయి, అభిమానులు పెరిగారు. బృందంలో మనుషులు మాత్రం మారుతూనే ఉన్నారు. మొదటినుంచీ చివరిదాకా ఉన్నది బజాన్ ఒక్కడే. 2006లో ఆ బృందం కథ ముగిసింది.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మనకు తెలిసిన విద్యే. అతను కూడా ఆ పేరే ఉంచుకుని, కొత్త కుర్రాళ్లను చేర్చుకుని తిరిగి ఉంటే అడిగేవాళ్లు లేరు. ఎలాగూ పాటలు రాసిందీ పాడిందీ అతనే. అయినా ఆ పేరు పక్కన పెట్టి సొంత పేరుతో పాడటం మొదలుపెట్టాడు. పోస్టరు మీద జనం చటుక్కున గుర్తుపట్టే మాట పోయింది. వ్యాన్ నిండా ఉండే మనుషులు పోయారు. చేతిలో మిగిలింది గిటారు, గొంతు, పదేళ్ల పాటలు.

ఉద్యోగం పోయినప్పుడు, భాగస్వామి విడిపోయినప్పుడు, షాపు మూతపడినప్పుడు మనమూ ఇక్కడే నిలబడతాం. అప్పుడు చాలామంది మళ్లీ అంత పెద్దది ఎప్పుడు కట్టగలమా అని లెక్కలు వేస్తారు. ఆ లెక్క తేలదు. ఏళ్లు గడుస్తాయి. నా సలహా ఒకటే: ముందు ఒక్కరే మోయగలిగినంత మూట కట్టుకుని బయలుదేరండి. ఆ మూట ఎలా కట్టాలో చూద్దాం.

కదిలే భాగాలు

బృందం ముగిసిన 2006లోనే బజాన్ ఒక చిన్న రికార్డు తెచ్చాడు. దాని పేరు ‘ఫ్యూయర్ మూవింగ్ పార్ట్స్’. కదిలే భాగాలు తక్కువ అని అర్థం. మెకానిక్ షెడ్డులో వినపడాల్సిన మాట. భాగాలు తక్కువైతే రిపేర్లూ తక్కువే కదా. అందులో ఉన్నవి ఐదు పాటలే గాని, ఒక్కో పాటా రెండుసార్లు వస్తుంది. ఒకసారి డ్రమ్సు, ఎలక్ట్రిక్ గిటార్ల హోరుతో, ఇంకోసారి ఆ హోరంతా తీసేసి అకూస్టిక్‌గా. ఏం తీస్తే ఏం మిగులుతుందో అతను ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టుకున్నట్టుంది.

తీసేయడం అంటే ఊరికే వదిలేయడం కాదు. డ్రమ్సు పోతే లయ భారమంతా కుడిచేతి మీద పడుతుంది. బేస్ గిటారు పోతే కింది స్వరాలను బొటనవేలు చూసుకోవాలి. పాట మధ్యలో వాయిద్యాలు హోరెత్తే చోట ఇప్పుడు ఖాళీ ఉంటుంది. దాన్ని కుదించాలా, అలాగే ఉండనివ్వాలా అని తేల్చుకోవాలి. డ్రమ్సును దాటి వినపడేలా అరవక్కర్లేదు కాబట్టి గొంతు కిందికి దిగుతుంది, మాట తేటగా వినపడుతుంది. ఆ మాటలో పస లేకపోతే అదీ అంతే తేటగా బయటపడుతుంది. బృందంతో ఉన్నప్పుడు బలహీనమైన చరణం చప్పుడులో దాక్కుంటుంది. ఒంటిగా పాడినప్పుడు దానికి దాక్కునే చోటు ఉండదు.

ఇదే పరీక్ష మీ పనికి పెట్టండి. పెళ్లిళ్లకు క్యాటరింగ్ చేసే ఒకావిడ ఉందనుకుందాం. ఆమె పనిలో కదిలే భాగాలు: వంట, వడ్డన, పాత్రల అద్దె, టెంపో, పదిమంది కుర్రాళ్లు, అడ్వాన్సులు, రావాల్సిన బాకీలు. ఇందులో జనం ఆమె కోసమే వచ్చేది దేనికి? బహుశా పులిహోరకూ బొబ్బట్లకూ. మిగతాదంతా మరొకరి దగ్గర కూడా దొరుకుతుంది. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆమె మోయాల్సింది ఆ బొబ్బట్ల పెనాన్ని. టెంపోను కాదు.

ఆ గదిలో ఒక సాయంత్రం

2009లో బజాన్ సొంత పేరుతో ‘కర్స్ యువర్ బ్రాంచెస్’ అనే పూర్తి ఆల్బమ్ తెచ్చాడు. ఆ ఏడాదే అభిమానుల ఇళ్లలో పాడే యాత్రలు మొదలుపెట్టాడు. ఇంట్లో కచేరీ లోకానికి కొత్తేం కాదు. వరసగా ఊరి తర్వాత ఊరు, యాత్ర మొత్తాన్నీ ఇళ్ల మీదుగా నడిపించడం, దాన్నే బతుకుదెరువుగా చేసుకోవడం అతని పద్ధతి. అతని వ్యవహారాలు చూసే అండర్‌టో అనే సంస్థ తర్వాత విల్ జాన్సన్ లాంటి ఇతర గాయకులకూ ఇదే పద్ధతి అమర్చిపెట్టింది.

పద్ధతి సులువు. ఫలానా నెలలో ఫలానా ఊళ్ల మీదుగా వస్తున్నాను, నలభై యాభై మంది పట్టే హాలు ఎవరింట్లో ఉంది అని అభిమానులనే అడగడం. చేయెత్తినవాళ్ల ఇల్లే వేదిక. టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఇంటి చిరునామా టికెట్టు కొన్నవాళ్లకే పంపుతారు. స్టేజీ ఉండదు, లైట్లుండవు, మైకు కూడా ఉండదు.

అలాంటి ఒక మామూలు సాయంత్రాన్ని దగ్గరనుంచి చూడండి. ఇంటివాళ్లు సోఫాను గోడకు జరిపేశారు, డాలస్‌లోనో సియాటిల్‌లోనో మన పిల్లలు సత్యనారాయణ వ్రతానికి జరిపినట్టే. వెనక వరసకు మడత కుర్చీలు. ముందు వరస కార్పెట్ మీదే, కాళ్లు ముడుచుకుని. నలుగురు మెట్లెక్కి కూర్చున్నారు. ఇద్దరు వంటింటి గుమ్మానికి ఆనుకున్నారు. అందరూ ఒకరికొకరు కొత్తవాళ్లే కాబట్టి గుసగుసల్లో మాట్లాడుకుంటున్నారు. మొదటి వరస మోకాళ్లకు రెండడుగుల దూరంలో గాయకుడు గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు. లోపల ఫ్రిజ్ మోటారు ఠక్కున ఆగింది. అది ఇంతసేపూ మోగుతూనే ఉందని అప్పుడు తెలిసింది. అంత నిశ్శబ్దంలో మొదటి తీగ మీద వేలు పడుతుంది.

మొదటి హాల్లో స్టేజీ మీద దీపాల వెలుగు కళ్లలో కొడుతుంటే గాయకుడికి ఎదుట కనిపించేది చీకటే. రెండో హాల్లో అన్నీ కనపడతాయి. ఆవలింత కనపడుతుంది. ఫోనులోకి తొంగిచూసిన చూపు కనపడుతుంది. కళ్లు తుడుచుకున్న చెయ్యీ కనపడుతుంది. దాన్ని తట్టుకోవడం మొదట్లో కష్టం. కానీ ఏ పాట పనిచేస్తోందో, ఏది చేయడం లేదో చెప్పడానికి ఇంతకు మించిన లెక్కల మాస్టారు దొరకడు.

కాగితం మీద లెక్క

ధైర్యం గురించి మాట్లాడే పుస్తకాలు డబ్బు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాయి. మనం అలా చేయొద్దు. ఇళ్ల కచేరీల్లో టికెట్టు ఇరవై డాలర్ల చుట్టుపక్కల ఉండేది. నలభై మంది వచ్చారనుకుంటే ఆ సాయంత్రం వసూలు 800 డాలర్లు. హాలు అద్దె లేదు. సౌండ్ ఇంజినీరు లేడు. ముందు పాడే మరో బృందానికి ఇవ్వాల్సిన వాటా లేదు. పెట్రోలు, తిండి, పడక ఖర్చు ఒక్కడివి. టికెట్లు అమ్మిపెట్టి ఏర్పాట్లు చూసినవాళ్ల వాటా పోగా మిగతాది అతని చేతికే. వాకిలి పక్కన బల్ల మీద పెట్టిన రికార్డులు, టీషర్టులు అమ్ముడైతే అది అదనం.

ఇప్పుడు క్లబ్బులో అదే రాత్రిని ఊహించండి. రెండువందల మంది వచ్చి, వసూలు 3,000 డాలర్లయిందనుకుందాం. అందులో క్లబ్బు ఖర్చులు, నిర్వాహకుడి వాటా, ఏజెంటు కమిషను, నలుగురు సభ్యుల జీతాలు, వ్యాను, రెండు గదుల అద్దె తీసేయండి. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలే. మీ పనికి మీ అంకెలు వేసుకుని చూడండి. పెద్ద రాత్రి మిగిల్చేది చిన్న సాయంత్రం మిగిల్చేదానికన్నా తక్కువగా తేలడం అరుదేమీ కాదు.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చింది మొత్తం కాదు, వరస. ముందు టికెట్లు అమ్ముడవుతాయి, తర్వాతే కారు బయలుదేరుతుంది. ఎంతమంది వస్తారో ఇంటి దగ్గర ఉండగానే తెలుస్తుంది. మనం చిన్న వ్యాపారాల్లో చేసే పొరపాటు దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు షాపు అద్దెకు తీసుకుంటాం, బోర్డు పెడతాం, లోపల ఫాల్ సీలింగ్ వేయిస్తాం. ఆ తర్వాత కొట్టు ముందు కుర్చీ వేసుకుని కస్టమరు కోసం దారి చూస్తాం.

పాటకూ పాటకూ మధ్య

బజాన్ కచేరీల్లో ఒక అలవాటు పేరుపడింది. రెండు మూడు పాటలయ్యాక ఆగి, ఇంతవరకు ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడుగుతాడు. పాట అర్థం నుంచి దేవుడి దాకా ఏదైనా అడగొచ్చు.

అది వినడానికి సరదాగా ఉంటుంది గాని, అతని విషయంలో చిన్న సాహసం కాదు. ‘పెడ్రో ద లయన్’ అభిమానుల్లో చాలామంది చర్చి వాతావరణంలో పెరిగినవాళ్లు. అతన్ని తమవాడనుకున్నవాళ్లు. 2009 ఆల్బమ్‌లో అతను తాను పుట్టి పెరిగిన విశ్వాసం నుంచి దూరమైన సంగతి దాచకుండా పాడాడు. కొందరికి మనసు కష్టపెట్టుకునేంత మాట అది. అలాంటివాళ్లు కూడా వచ్చి కూర్చునే గదిలో, రెండడుగుల దూరంలో, అడగండి అనడమంటే తలుపు గడియ తీసి పెట్టడమే. దూరం నుంచి తిట్టుకునే మనిషి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చున్నాక తిట్టు ప్రశ్నగా మారుతుంది. ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు.

దీన్ని మీరు క్లాసులో, షాపులో, ఆఫీసు మీటింగులో వాడదలిస్తే నాలుగు జాగ్రత్తలు చెబుతాను.

ఒకటి, అడిగాక ఆగండి. మనలో చాలామంది ‘డౌట్లేమైనా ఉన్నాయా’ అని అడిగి, ఊపిరి తీసుకోకుండా ‘సరే, ముందుకెళ్దాం’ అనేస్తాం. మనసులో పదిదాకా లెక్కపెట్టండి.

రెండు, మొదటి ప్రశ్న ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది. మీ గిటారు ఏ కంపెనీది లాంటిది. దాన్ని చులకన చేయొద్దు. మీరు దానికిచ్చే జవాబు తీరు చూసి అసలు ప్రశ్న ఉన్న మనిషి నోరు విప్పుతాడు.

మూడు, తెలియకపోతే తెలియదనండి. గది చిన్నది. దబాయింపు ఇట్టే దొరికిపోతుంది.

నాలుగు, జవాబు అయిపోగానే పనిలోకి వెళ్లండి. గాయకుడు మళ్లీ పాట అందుకుంటాడు. జవాబును సాగదీస్తే వచ్చినవాళ్లు దేనికోసం వచ్చారో మరచిపోతారు.

మా వీధి టైలర్ మాస్టరు

ఇదంతా అమెరికా గాయకుడి సంగతి అనిపిస్తే మా వీధి చివరికి రండి. అక్కడ ఒక టైలర్ మాస్టరు నాలుగు మిషన్లతో షాపు నడిపేవారు. రెడీమేడ్లు వచ్చి పడ్డాక, అద్దె పెరిగాక, కుట్టే కుర్రాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక షట్టరు దించేశారు. కొన్నాళ్లు ఎక్కడా కనపడలేదు. తర్వాత ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాచ్‌మన్ గది పక్కన, ఒక చిన్న మిషను ముందు కూర్చుని ఉన్నారు. దాన్ని స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చారట. కొత్త బట్టలు కుట్టరు. చీరకు ఫాలు, జిప్పు మార్చడం, ప్యాంటు పొడవు తగ్గించడం, బిగుతైన జాకెట్టు కుట్లు విప్పి వదులు చేయడం. అంతే. ముందు రోజు సాయంత్రమే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పేర్లు రాయించుకుంటారు. నాలుగు పేర్లు లేకపోతే స్కూటర్ తీయరు.

మొదటి వారం నేను ప్యాంటు తీసుకెళ్లాను. నా ముందున్నావిడ జాకెట్టు వేసుకుని చూసొచ్చి, చంక దగ్గర ఇంకా పట్టేస్తోందని అక్కడికక్కడే చెప్పింది. ఆయన మాట్లాడకుండా కుట్టు విప్పి అరంగుళం వదిలారు. ఆమె మళ్లీ లిఫ్టెక్కి వెళ్లి వేసుకుని చూసి నవ్వుతూ వచ్చింది. షాపు రోజుల్లో కుట్టేది కుర్రాళ్లు, ఆయన కొలతలు మాత్రమే రాసుకునేవారు. జాకెట్టు ఎక్కడ పట్టేసిందో కస్టమరు ఇంట్లో తిట్టుకునేది, ఆయన దాకా వచ్చేది కాదు. ఇప్పుడు పట్టేసిన చోటు ఆయన వేలికే తగులుతోంది. నా ప్యాంటు కుడుతూ ఆయనే ఈ తేడా చెప్పి, ముప్ఫై ఏళ్ల పనిలో ఇది ఇప్పుడు నేర్చుకుంటున్నానని నవ్వారు.

దీని ఖరీదు

ఇక్కడితో అధ్యాయం ఆపేస్తే మీకు అన్యాయం చేసినట్టే. రెండో హాలుకు రెండు ఖర్చులున్నాయి.

మొదటిది. బజాన్ ఇళ్ల కచేరీలకు వచ్చిన ఆ నలభై మంది ఎక్కడివాళ్లు? ఎక్కువమంది బృందం రోజుల్లో, ఆ ఆల్బమ్‌లతో సంపాదించుకున్నవాళ్లే. అతను చెట్టు పేరు చెప్పలేదు నిజమే, కాయలు మాత్రం ఆ చెట్టువే. మా మాస్టరును నమ్మి జాకెట్టు చేతికిచ్చినవాళ్లు కూడా పాత షాపు ఖాతాదార్లే. రెండో హాలు ఉన్న అభిమానాన్ని చిక్కబరుస్తుంది, కొత్తవాళ్లను మాత్రం అంత సులువుగా తేదు. కాబట్టి ఇప్పుడే మొదలుపెడుతున్న కుర్రవాడు దీన్ని చూసి నలభై మంది వస్తారనుకుంటే పొరపాటు. అతనికి ముందు నలుగురు కావాలి, ఆ నలుగురి కోసం చాలా వీధులు తిరగాలి.

రెండోది ఒంటరితనం. ఊరికీ ఊరికీ మధ్య గంటల తరబడి కారులో ఒక్కడే. రాత్రి కచేరీ, పొద్దున మళ్లీ స్టీరింగు. ఇంట్లో భార్యాపిల్లలు. ఈ రోడ్డు జీవితం మీద బ్రాండన్ వెడర్ తీసిన ‘స్ట్రేంజ్ నెగోషియేషన్స్’ అనే డాక్యుమెంటరీ 2019లో వచ్చింది. గదినిండా మనుషులతో మనసు విప్పి మాట్లాడే మనిషి, మిగతా గంటలన్నీ మాట్లాడే తోడు లేకుండా గడపడం అందులో కనిపిస్తుంది. 2017లో అతను ‘పెడ్రో ద లయన్’ పేరుతో మళ్లీ బృందం కట్టాడు. 2019 జనవరిలో ఆ పేరు మీద కొత్త ఆల్బమ్ వచ్చింది. దాని పేరు ‘ఫీనిక్స్’, అతను పుట్టిన ఊరు.

దీన్ని నేను ఓటమిగా చూడను. ఒంటిగా తిరగడం దీక్ష కాదు, మాల తీయకూడదన్న నియమమేమీ లేదు. గడ్డుకాలంలో పాటను బతికించింది ఆ తిరుగుడే. మూట ఒక్కరే మోయాల్సిన రోజులు కొన్ని, తోడు కోసం పిలవాల్సిన రోజులు కొన్ని. రెండోవి వచ్చాక కూడా పౌరుషానికి పోయి ఒక్కరే మోసేవాళ్లకు నడుము పోతుంది.

ఈ వారం చేయాల్సిన పని

సోమవారం: మీ పనిలో కదిలే భాగాలన్నీ ఒక కాగితం మీద రాయండి. మనుషులు, అద్దెలు, సామాన్లు, అనుమతులు, అన్నీ. జనం మీ దగ్గరకే రావడానికి కారణమైన దాని చుట్టూ సున్నా చుట్టండి. రెండు సున్నాలు పడితే మళ్లీ ఆలోచించండి.

మంగళవారం: ఆ ఒక్కదాన్ని మిగతావేవీ లేకుండా చేసి చూడండి. పాఠమైతే స్లైడ్లు లేకుండా, వంటైతే ఒక్క గిన్నెతో, పాటైతే ట్రాకు లేకుండా. ఎక్కడ ఖాళీ వచ్చిందో, ఏ చరణం బలహీనంగా తేలిందో రాసుకోండి.

బుధ, గురువారాలు: ఆ చరణాన్ని బాగుచేయండి. మిగతావాటి జోలికి పోవద్దు.

శుక్రవారం: మీ పని తెలిసిన పదిమందికి ఫోన్ చేయండి. మెసేజ్ చాలదు, ఫోనే చేయండి. ఆదివారం సాయంత్రం ఇలా చేస్తున్నాను, ధర ఇంత, వస్తారా అని అడగండి. ధర చెప్పకుండా పిలిస్తే వచ్చేది చుట్టపుచూపుగా. నలుగురు డబ్బు కడితే తేదీ ఖాయం. కట్టకపోతే ఆ పదిమందిలో ఇద్దరిని ఎందుకు రానన్నారో అడిగి తెలుసుకోండి. ఈ వారం మీకు దక్కిన ఫలితం అదే, తక్కువేమీ కాదు.

శనివారం: ఇంటికి సంబంధించిన పని. ఈ నెలలో ఎన్ని రోజులు ఒక్కరే పనిచేస్తారో, ఎవరితో రోజూ కాసేపు మాట్లాడతారో ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చుని రాసుకోండి.

ఆదివారం: సోఫాను గోడకు జరపండి. చేయాల్సింది చేయండి. సగం అయ్యాక ఆగి, ఏమైనా అడుగుతారా అనండి. ఎవరూ మాట్లాడరు. కంగారుపడకండి. వంటింట్లో ఫ్రిజ్ మోటారు చప్పుడు వింటూ పదిదాకా లెక్కపెట్టండి. ఏడో ఎనిమిదో అంకె దగ్గర వెనక వరసలోంచి ఎవరో గొంతు సవరించుకుంటారు.